బాప్తిస్మపు తొట్టి దగ్గర మీరిచ్చే మాట

ప్రశ్న: మాది మచిలీపట్నం. పుట్టినప్పటి నుంచి సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. మావారిది ఒంగోలు ప్రాంతంలోని బాప్టిస్టు కుటుంబం. ఆయన పదహారో ఏట నీటిలో మునిగి బాప్తిస్మం తీసుకున్నారు. ఆరేళ్లుగా ఇంగ్లండులోని రెడింగ్‌లో ఉంటున్నాం. మాకు పది నెలల పాప. ఇంటి దగ్గరున్న చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ గుడికి నెలకు ఒకటి రెండుసార్లు వెళ్తుంటాం. పాపకు అక్కడే బాప్తిస్మం ఇప్పించాలని నా కోరిక. అత్తయ్యగారు మాత్రం పసిబిడ్డకు చిలకరిస్తే అది బాప్తిస్మమే కాదని, పెద్దయ్యాక మళ్లీ ఇప్పించక తప్పదని అంటున్నారు. మావారేమో 'మీరిద్దరూ తేల్చుకోండి' అంటున్నారు. ఆడపడుచు బర్మింగ్‌హామ్‌లో ఉంటుంది, తనూ బాప్టిస్టే. మావారి ప్రాణస్నేహితుణ్ణి పాపకు జ్ఞానతండ్రిగా (గాడ్‌ఫాదర్‌గా) నిలబెట్టాలనుకున్నాం. ఆయన హిందువు. నా కాన్పు సమయంలో అన్నీ తానై చూసుకున్నారు. ఆ గుడి గురువు, అంటే వికర్, ఒప్పుకోలేదు. మనసు చివుక్కుమంది. అసలు జ్ఞానతల్లిదండ్రులు చేయవలసిన పని ఏమిటి? మేమేమీ గొప్ప భక్తిపరులం కాము. అక్కడ ప్రమాణాలు చేసే అర్హత మాకుందా? బాప్తిస్మ సర్టిఫికెట్ ఉంటే చర్చి స్కూల్లో సీటు సులువుగా వస్తుందని కొందరు చెప్పారు. ఆ ఆలోచన కూడా నా మనసులో ఉంది, దాచడం లేదు.
ఒక సోదరి, రెడింగ్

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అత్తయ్యగారి మాట మిమ్మల్ని బాధపెట్టింది, వికర్ మాట నొప్పించింది. నన్ను మాత్రం ఈ రెండింటికన్నా ఎక్కువగా కలతపెట్టింది మీ వారన్న ఆ చిన్న మాట: 'మీరిద్దరూ తేల్చుకోండి.' అక్కడి నుంచే మొదలుపెడతాను. ఆంగ్లికన్, అంటే చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ సంప్రదాయపు, బాప్తిస్మ ఆరాధనలో తండ్రి పక్కన నిలబడి చూసే చోటు ఎక్కడా లేదు.

ఆ ఆదివారం ఏం జరుగుతుందో చెబుతాను, వినండి. మిమ్మల్ని ముందుకు పిలిచాక వికర్ మొదటి ప్రశ్న మిమ్మల్ని అడగరు, సంఘాన్ని అడుగుతారు. ఈ బిడ్డను చేర్చుకుంటారా, క్రీస్తులో ఈమె కొత్త జీవితానికి అండగా ఉంటారా అని. గుడిలో ఉన్నవాళ్లందరూ, మీ పేరు కూడా తెలియని ముసలివాళ్లతో సహా, 'దేవుని సహాయంతో ఉంటాము' అంటారు. ఆ తరువాత మీ వంతు. తల్లిదండ్రులనూ జ్ఞానతల్లిదండ్రులనూ కలిపి రెండు ప్రశ్నలు అడుగుతారు. ఈ బిడ్డ కోసం ప్రార్థిస్తారా, మీ నడవడితో ఆమెను విశ్వాసుల సమాజంలోకి తీసుకువస్తారా, క్రీస్తు మార్గంలో ఆమెతో కలిసి నడుస్తారా అన్నది మొదటిది. ఆమెను సంరక్షిస్తూ, సంఘ జీవితంలోనూ ఆరాధనలోనూ ఆమె తన స్థానం తీసుకునేలా తోడ్పడతారా అన్నది రెండోది. దానికీ జవాబు అదే, దేవుని సహాయంతో చేస్తాము అని. ఆపైన ఇంకా లోతైనవి వస్తాయి. సాతానునూ, దేవునిపై తిరుగుబాటునూ తిరస్కరిస్తున్నారా? దేవుని నుంచీ పొరుగువారి నుంచీ మనల్ని దూరం చేసే పాపాల విషయంలో పశ్చాత్తాపపడుతున్నారా? రక్షకుడైన క్రీస్తు వైపు తిరుగుతున్నారా? ప్రభువైన ఆయనకు లోబడుతున్నారా? వీటిని పాప తరపున పలకవలసింది మీరు, మీ వారు, జ్ఞానతల్లిదండ్రులు.

ఇప్పుడు ఆలోచించండి. అత్తాకోడళ్లు తేల్చుకున్న విషయానికి మీ వారు అక్కడ నిలబడి 'తిరుగుతున్నాను' అని ఎలా అంటారు? ఆయన నోట ఆ మాట వచ్చినప్పుడు అది ఆయన మాటే అయి ఉండాలి. పదహారో ఏట నీటిలోకి దిగినప్పుడు ఆయన ఇంచుమించు ఇదే మాట అని ఉంటారు. అందువల్ల మీరు అత్తయ్యగారితో వాదించడం ఆపి, ముందు మీ వారితో కూర్చోండి. పాప బాప్తిస్మం గురించి మాత్రమే అడగకండి. ఆ రోజు ఆయన ఇచ్చిన మాట ఇప్పుడు ఎక్కడ ఉందో ప్రేమగా అడగండి. ఆ సంభాషణ ఒక్క సాయంత్రంలో ముగియకపోవచ్చు. ముగియకపోయినా నష్టం లేదు, పాపకు ఇంకా పది నెలలే.

ఇక బాప్తిస్మం అంటే ఆంగ్లికన్ సంఘం ఏమంటుందో చెప్పాలి. మన తెలుగు క్రైస్తవుల వాడుకలోనే దానికి తాళంచెవి ఉందని నాకు అనిపిస్తుంది. మనం రెండు విధాలుగా మాట్లాడతాం. 'నేను ఫలానా సంవత్సరంలో బాప్తిస్మం తీసుకున్నాను' అంటాం. పాత తెలుగు బైబిల్లో చూస్తే యేసు యొర్దానులో బాప్తిస్మము 'పొందెను' అని ఉంటుంది. తీసుకోవడంలో నా నిర్ణయం కనిపిస్తుంది, పొందడంలో ఇచ్చేవాడి చెయ్యి కనిపిస్తుంది. ఈ రెండూ నిజమే. బాప్టిస్టు సోదరులు మొదటిదాన్ని గట్టిగా పట్టుకున్నారు. ఆంగ్లికన్లు రెండోదానితో మొదలుపెట్టి, మొదటిదాని కోసం ఎదురుచూస్తారు. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ వారి 1662 నాటి ప్రార్థన పుస్తకంలోని ప్రశ్నోత్తరిలో పిల్లలను మొదట అడిగేది 'నీ పేరేమిటి?' అని. రెండో ప్రశ్న, 'ఆ పేరు నీకు ఎవరు పెట్టారు?' జవాబులో పిల్లవాడు తన జ్ఞానతల్లిదండ్రులను తలుచుకుని, తన బాప్తిస్మంలో తాను క్రీస్తుకు అవయవంగా, దేవుని బిడ్డగా, పరలోక రాజ్యానికి వారసుడిగా చేయబడ్డానని చెబుతాడు. 'చేయబడ్డాను' అన్నదే అక్కడ ప్రాణం. తాను ఏమీ సాధించక ముందే ఆ మూడూ అతనికి దక్కాయి. కన్నవాళ్ల ఆస్తికి బిడ్డ వారసురాలు కావడానికి ముందుగా ఏదైనా పరీక్ష రాయాలా? మీ పాప మీ ఇంటిపేరు ఎలా పొందిందో, ఇదీ అలాగే.

అయితే వారసత్వం దక్కడం ఒకటి, దాన్ని అనుభవించడం మరొకటి. పొలం దస్తావేజు పెట్టెలోనే ఉండిపోతే పంట రాదు. అందుకే ఆంగ్లికన్ సంఘం బాప్తిస్మాన్ని కన్ఫర్మేషన్‌తో ముడిపెట్టింది. పిల్ల ఎదిగి, తనంతట తాను అర్థం చేసుకుని, బిషప్పు ఎదుట నిలబడి 'నా తరపున వాళ్లు ఇచ్చిన మాట ఇకనుంచి నాది' అని చెప్పుకోవాలి. అప్పుడు బిషప్పు ఆమె మీద చెయ్యి ఉంచి ప్రార్థిస్తారు. మచిలీపట్నంలో మీకూ ఇది జరిగే ఉంటుంది. 1841లో ఆంగ్లికన్ మిషనరీలు రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మీ ఊళ్లో దిగినప్పటి నుంచి అక్కడ నడిచిన పద్ధతి ఇదే. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి సి.ఎస్.ఐ.గా ఏర్పడ్డాక కూడా ఆ దారి మూతపడలేదు. కాబట్టి రెడింగ్‌లోని ఆ గుడి మీకు పరాయిది కాదు. భాష వేరు, వాన వేరు, ఇల్లు మాత్రం మీదే.

అత్తయ్యగారి మాటకు వస్తాను. దయచేసి ఆమెను మూర్ఖంగా పట్టుబట్టే మనిషిగా చూడకండి. ఆమె వెనుక గొప్ప జ్ఞాపకం ఉంది. 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. దానికి ముందు భయంకరమైన కరువు. అక్కడి మిషనరీ జాన్ క్లౌ కరువు సాయం జరుగుతున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు. గంజి కోసం ఎవరూ నదిలోకి దిగకూడదన్నది ఆయన పట్టుదల. సాయం ఆగిపోయాక కూడా వాళ్లు వచ్చారు. ఎవరికి వారు తమ నోటితో ఒప్పుకుని నీటిలోకి దిగారు. ఊరి పెద్దలు వెలిగా చూసిన కుటుంబాలు అవి. అటువంటి వంశంలో పుట్టిన మనిషి 'బిడ్డ తన నోటితో చెప్పాలి' అంటే, ఆ మాటకు మనం తల వంచాలి.

అయినా ఆమె చెప్పినదాంట్లో రెండు విషయాలు కలిసిపోయాయి, వాటిని విడదీయాలి. నీళ్లు ఎన్ని అన్నది మొదటిది. ఇది అసలు తగాదాయే కాదు. 1662 ప్రార్థన పుస్తకం ప్రకారం బిడ్డను జాగ్రత్తగా నీటిలో ముంచాలి. బిడ్డ బలహీనంగా ఉందని పెద్దలు చెబితే నీళ్లు పోస్తే చాలు. వాడుకలో ముంచడం తగ్గి పోయడం మిగిలింది. మీకు ఇష్టమైతే వికర్‌ను అడగండి, కొన్ని గుళ్లలో ముంచడానికీ వీలుంటుంది. 'చిలకరింపు' అన్న మాటను మాత్రం మీ ఇంట్లో వాడకండి. ఆ మాటలో కొంచెం వెక్కిరింపు ఉంది. బిడ్డ తల మీద తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ నామాన నీళ్లు పోస్తారు. నామమూ నీళ్లూ రెండూ ఉన్నాయి, బాప్తిస్మానికి కావలసింది అదే.

రెండోది అసలు భేదం. మరొకరి విశ్వాసం మీద బిడ్డను నిలబెట్టవచ్చునా? నిలబెట్టవచ్చునన్నది ఆంగ్లికన్ల నమ్మకం. అపొస్తలుల కార్యాలలో ఫిలిప్పీ చెరసాల అధికారి ఆ రాత్రే ఇంటివారందరితో బాప్తిస్మం పొందాడు; ఊదారంగు బట్టలు అమ్మే లూదియ కూడా తన ఇంటివారితో పొందింది. ఆ ఇళ్లలో పసివాళ్లు ఉన్నారని బైబిలు చెప్పదు, లేరనీ చెప్పదు. ఈ ఒక్క వాక్యంతో ఎవరూ ఎవరినీ ఓడించలేరు. ఆంగ్లికన్ల ముప్పై తొమ్మిది విశ్వాస సూత్రాలలో ఇరవై ఏడోది పసివారి బాప్తిస్మం క్రీస్తు ఏర్పాటుకు తగినదని, దాన్ని సంఘం నిలుపుకోవాలని చెబుతుంది. నాకు మాత్రం ఈ వాదాలన్నిటికన్నా బలంగా తోచేది ఒకటుంది. ప్రార్థించడం రాని బిడ్డకు మనం ప్రార్థన నేర్పుతాం. దేవుడెవరో తెలియని బిడ్డను ఒళ్లో పెట్టుకుని కీర్తన పాడతాం. అర్థమయ్యాక నేర్పుదామని ఏ క్రైస్తవ తల్లీ ఆగదు, మీ అత్తయ్యగారూ తన బిడ్డల విషయంలో ఆగి ఉండరు. బిడ్డను ఇంటి విశ్వాసంలో పెంచుతూ, ఆ ఇంటి గడప బయట నిలబెట్టడం ఎందుకు?

మళ్లీ బాప్తిస్మం ఇప్పించడం గురించి ఇప్పుడే తేటగా మాట్లాడుకోవాలి. బాప్తిస్మం ఒక్కటే అని పౌలు ఎఫెసీయులకు రాశాడు. ఆ మాటను ఆంగ్లికన్ సంఘం అక్షరాలా పాటిస్తుంది. ఒకసారి నీళ్లతో, త్రియేక దేవుని నామాన జరిగితే దాన్ని మళ్లీ చేయదు. జరిగిందో లేదో నిజంగా తెలియనప్పుడు మాత్రం 'ఇంతకుముందు నీకు బాప్తిస్మం జరగకపోయి ఉంటే' అన్న షరతుతో ఇస్తుంది. అందువల్ల 'ఇప్పుడు ఒకటి, పదహారో ఏట మరొకటి' అన్న రాజీ సులువుగా కనిపించినా దానికి ఒప్పుకోకండి. అది ఇద్దరినీ సంతోషపెడుతున్నట్టు ఉండి, ఇద్దరి నమ్మకాన్నీ పలచన చేస్తుంది. పాప పెద్దయ్యాక తన విశ్వాసాన్ని అందరి ముందు చెప్పుకోవాలనుకుంటే కన్ఫర్మేషన్ ఉంది. అది అయ్యాక మరెప్పుడైనా విశ్వాసం కొత్తగా వెలిగితే, బాప్తిస్మ విశ్వాసాన్ని మళ్లీ ధ్రువపరచుకునే ఆరాధన ఉంది.

మీ వారితో మాట్లాడాక, ఆయన నిండు మనసుతో 'పాప తన నోటితో చెప్పేవరకు ఆగుదాం' అంటే ఏం చేయాలి? అప్పుడు ఆగండి. పట్టుబట్టి గెలవకండి. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌లో బిడ్డ పుట్టినందుకు దేవునికి కృతజ్ఞతలు చెల్లించే ఆరాధన వేరుగా ఉంది. ప్రార్థన, ఆశీర్వాదం, కృతజ్ఞత ఉంటాయి. బాప్తిస్మ ప్రమాణాలు ఉండవు. బాప్టిస్టు సంఘాలలో చేసే పిల్లల ప్రతిష్ఠ లాంటిదే అని అత్తయ్యగారికి చెబితే ఇట్టే అర్థమవుతుంది. నా మనసు పసివారి బాప్తిస్మం వైపే ఉంది, దాచను. అయినా తండ్రి మనస్సాక్షిని తొక్కి బిడ్డను తొట్టి దగ్గరికి తీసుకువెళ్లమని నేను ఏ తల్లికీ చెప్పలేను. మరి, ఆయన 'ఆగుదాం' అనడం నమ్మకం వల్ల కాక, తల్లిని నొప్పించలేక అయితే, అది వేరే సంగతి. ఆ తేడా భార్యగా మీకు తెలుస్తుంది.

ఇప్పుడు మీ స్నేహితుడి విషయం. మీరు నొచ్చుకోవడం సహజం. ఆపదలో ఆదుకున్న మనిషిని 'పనికిరాడు' అన్నట్టు వినిపించి ఉంటుంది. నియమం అలా చెప్పడం లేదు. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ సంఘ నియమాల ప్రకారం జ్ఞానతల్లి లేదా జ్ఞానతండ్రి తాము బాప్తిస్మం పొందినవారై ఉండాలి, కన్ఫర్మేషన్ కూడా అయి ఉండాలి. కన్ఫర్మేషన్ విషయంలో అవసరాన్ని బట్టి సడలించే అధికారం వికర్‌కు ఉంది, బాప్తిస్మం విషయంలో లేదు. ఆ నియమం వెనుక ఉన్న కారణం పైన నేను చెప్పిన ప్రశ్నల్లోనే ఉంది. ఆయన అక్కడ నిలబడితే 'క్రీస్తు వైపు తిరుగుతున్నావా?' అని అడుగుతారు. మీ మీద ప్రేమతో ఆయన 'అవును' అంటారు. అంత మంచి మనిషి చేత దేవుని సన్నిధిలో తనది కాని మాట అనిపించడం మీకు ఇష్టమా? ఆ నియమం ఆయన నిజాయితీని కూడా కాపాడుతోంది. ఈ మాట ఆయనకు మీరే నేరుగా చెప్పండి, వికర్ మీదికి నెట్టేయకండి. ఇంట్లో పూజ చేసుకునే మనిషి అయితే మీకన్నా ముందే ఆయనకు అర్థమవుతుంది.

పాపకు ఆయన బాబాయి. ఆ వరస ఇవ్వడానికి ఏ చర్చి అనుమతీ అక్కరలేదు. ఆ రోజు ముందు వరుసలో మీ కుటుంబంతో కూర్చోబెట్టండి. భోజనాల దగ్గర నాలుగు మాటలు ఆయన చేత చెప్పించండి. మరొక సంగతి, ఇది చాలామంది పొరబడేది. 'మాకేమైనా అయితే పాపను ఆయన చూసుకోవాలి' అన్న ఉద్దేశంతో జ్ఞానతండ్రిని చేయాలనుకుంటే, అందుకు ఇది దారి కాదు. ఇంగ్లండు చట్టంలో జ్ఞానతల్లిదండ్రులకు సంరక్షకులుగా ఏ హక్కూ లేదు. సంరక్షకుణ్ణి వీలునామాలో రాసి నియమించుకోవాలి. దానికి మతం అడ్డు కాదు. పరాయి దేశంలో పసిబిడ్డతో ఉన్న మీరు ఈ పని బాప్తిస్మం జరిగినా జరగకపోయినా చేసి తీరాలి.

మరి జ్ఞానతల్లిదండ్రులుగా ఎవరు? నియమం ప్రకారం కనీసం ముగ్గురు ఉండాలి. ఆడపిల్లకైతే వారిలో ఇద్దరు స్త్రీలు, ఒక పురుషుడు. ముగ్గురు దొరకకపోతే ఒక స్త్రీ, ఒక పురుషుడు చాలు. మీరూ మీ వారూ కూడా ఉండవచ్చు, మీతో పాటు కనీసం ఇంకొకరు ఉంటే. మీ ఆడపడుచు పేరు చదవగానే నాకు ఆశ పుట్టింది. ఆమె బాప్తిస్మం పొందిన మనిషి. బిషప్పు చేత కన్ఫర్మేషన్ జరిగి ఉండదు గానీ, దాన్ని వికర్ సడలించవచ్చు. పసివారి బాప్తిస్మంలో నిలబడడానికి ఆమె మనసు ఒప్పుతుందా అన్నది ఆమెనే అడగాలి. బలవంతం వద్దు. ఒప్పుకుంటే మాత్రం మీ రెండు కుటుంబాల మధ్య ఉన్న గోడలో ఒక కిటికీ తెరుచుకున్నట్టే.

ఎవరిని ఎంచుకున్నా ఒక్కటి చూడండి. ఇరవై ఏళ్ల తరువాత కూడా ఈ మనిషి పాప ఫోను ఎత్తుతారా? బంగారు గొలుసు పెట్టగలరా, ఫొటోలో బాగుంటారా, పిలవకపోతే నొచ్చుకుంటారా అన్నవి తరువాత. నా అనుభవం ఒకటి చెబుతాను. ఇరవై నాలుగేళ్ల వయసులో, నాతో పాటు పనిచేసే టీచరు తన కూతురికి నన్ను జ్ఞానతల్లిగా నిలబెట్టింది. సంతోషంగా నిలబడ్డాను. వెండి గిన్నె ఇచ్చాను. మరుసటి ఏడాది బదిలీ అయింది. మొదట్లో పుట్టినరోజుకు కార్డు పంపేదాన్ని, తరువాత అదీ ఆగిపోయింది. ఆ పిల్ల కన్ఫర్మేషన్‌కు కబురు వచ్చినా వెళ్లలేదు, స్కూల్లో పరీక్షలు అని సర్దిచెప్పుకున్నాను. ఆమెకు పందొమ్మిదేళ్లప్పుడు తండ్రి చనిపోయాడు. అప్పుడు నాకు ఉత్తరం రాసింది. 'మీరు నా జ్ఞానతల్లి అని అమ్మ చెబుతుంది. మీరు నా కోసం ప్రార్థిస్తారని కూడా చెబుతుంది. నిజమేనా?' అని. ఆ పందొమ్మిదేళ్లలో నేను ఆమె కోసం ప్రార్థించిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ రాత్రి ఆ కాగితం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మర్నాడు బస్సెక్కి వెళ్లి క్షమాపణ అడిగాను. అప్పటి నుంచి ఆమె పేరు లేకుండా నా ఉదయ ప్రార్థన లేదు. ఇప్పుడు ఆమెకే ఇద్దరు పిల్లలు.

కాబట్టి జ్ఞానతల్లిదండ్రుల పని ఏమిటని మీరు అడిగినదానికి, రోజూ పేరు పెట్టి ప్రార్థించడం అన్నది నా మొదటి జవాబు. ఎవరూ చూడరు, ఖర్చు లేదు, అందుకే చాలామంది మరచిపోతారు. మిగిలినవి ప్రార్థన పుస్తకమే చెబుతుంది. బిడ్డకు విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలు నేర్పించాలి, వాక్యం వినడానికి తీసుకురావాలి, సమయం వచ్చాక కన్ఫర్మేషన్‌కు బిషప్పు దగ్గరికి తేవాలి. వీటిని జనం మాట్లాడే భాషలోనే నేర్పాలని ఆ పుస్తకం ప్రత్యేకంగా చెబుతుంది. లాటిన్ నుంచి బయటపడుతున్న ఇంగ్లండు తన పిల్లల కోసం రాసుకున్న మాట అది. అదే మాట రెడింగ్‌లో పెరిగే తెలుగు పిల్లకు ఇంకో విధంగా వర్తిస్తుంది. గుడిలో ఇంగ్లీషులో నేర్చుకుంటుంది సరే, పడుకునే ముందు మీ ఒళ్లో 'పరలోకమందున్న మా తండ్రీ' అని తెలుగులో నేర్చుకోవాలి. మచిలీపట్నంలో అమ్మమ్మతోనూ ఒంగోలులో నాన్నమ్మతోనూ కలిసి ఆ ప్రార్థన చెప్పగలిగిన రోజున, ఈ తగాదా ఎంత చిన్నదో ఇంట్లో అందరికీ తెలుస్తుంది.

ఇంకో విషయం మరచిపోవద్దు. జ్ఞానతల్లిదండ్రులకు ఏ బాధ్యతలు ఉన్నాయో, అవే కన్నవారికీ ఉన్నాయని వికర్ మీకు చెప్పాలని సంఘ నియమమే అంటుంది. బాధ్యతను వాళ్లకు అప్పగించి మీరు పక్కకు తప్పుకోవడం ఉండదు. నెలకు ఒకటి రెండు ఆదివారాలు అని రాశారు. ఆరాధనలో ఆమె తన స్థానం తీసుకునేలా తోడ్పడతామని మాట ఇచ్చాక ఆ లెక్క మారాలి. పాప నిద్ర, వాన, వారమంతా పనిచేసిన అలసట నాకు తెలియనివి కావు. అయినా పిల్లలు గుడిని ఇల్లుగా తెలుసుకునేది రాకపోకల వల్లే.

అర్హత గురించి అడిగారు. దోర్నకల్ బిషప్పు అజరయ్య గారి పేరు మీకు తెలిసే ఉంటుంది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొందిన ఆయన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు. ఆయన సంచరించిన పల్లెల్లో కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్లు ఎక్కువమంది కూలి చేసుకుని బతికే పేదలు, చదువు రానివాళ్లు. అజరయ్య గారు వాళ్లను తమ చెయ్యి తమ తల మీదే పెట్టుకోమనేవారు. 'నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి. సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ' అని తనతో పాటు పలికించేవారు. ఇంకా తల తడి ఆరని మనిషికి అంత బరువు! 'ముందు భక్తిలో ముదరండి, తరువాత చూద్దాం' అని ఆయన అనలేదు. ఆ నీళ్లే వాళ్లను ఆ పనికి తగినవాళ్లను చేశాయని ఆయన నమ్మారు. మీరూ మీ వారూ కూడా ఒకప్పుడు ఆ నీళ్లు పొందినవాళ్లే. ఆయన నీటిలో మునిగి, మీరు తొట్టి దగ్గర. ఆరాధనలో మీ ప్రమాణానికి జవాబు ఏమిటో మళ్లీ చూడండి. 'చేస్తాము' అని మాత్రమే లేదు, 'దేవుని సహాయంతో' అని ఉంది. సొంత బలం మీద నమ్మకం ఉన్నవాళ్లకు ఆ రెండు మాటలు అక్కరలేదు, మీలాంటి వాళ్ల కోసమే అవి ఉన్నాయి.

స్కూలు సంగతి దాచకుండా రాసినందుకు నాకు మీ మీద గౌరవం పెరిగింది. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ స్కూళ్లన్నీ ఒకే పద్ధతిలో సీట్లు ఇవ్వవు. చాలావాటిలో స్థానిక కౌన్సిల్ నియమాలే నడుస్తాయి. విశ్వాసాన్ని చూసే స్కూళ్లు కూడా ఎక్కువగా చూసేది కుటుంబం ఆరాధనకు ఎంత క్రమంగా వస్తోందన్నదే. మీకు దగ్గరలో ఉన్న స్కూలు నియమాలు నేరుగా చదువుకోండి. నేను అడిగేది ఒక్కటే. రేపు ఆ స్కూళ్లన్నీ చర్చితో పని లేకుండా సీట్లు ఇస్తామంటే, అప్పుడు కూడా పాపను తొట్టి దగ్గరికి తీసుకువెళ్తారా? మీ ఉత్తరం చదివినదాన్ని బట్టి తీసుకువెళ్తారనే నా నమ్మకం. గుండ్లకమ్మ ఒడ్డున కరువు సాయం ఆగేవరకు ఎందుకు ఎదురుచూశారో మీ వారింట్లో అందరికీ తెలుసు. అత్తయ్యగారు ఈ ప్రశ్న అడిగితే ఆమెకు మీ దగ్గర జవాబు ఉండాలి.

మిగిలినవి చిన్న సంగతులు. బాప్తిస్మానికి రుసుము లేదు. మీ పారిష్‌లోని, అంటే ఆ గుడి పరిధిలోని, బిడ్డకు వికర్ బాప్తిస్మం నిరాకరించకూడదు; తల్లిదండ్రులకు, జ్ఞానతల్లిదండ్రులకు బోధించి సిద్ధపరచడం కోసం తప్ప ఆలస్యం కూడా చేయకూడదు. కాబట్టి మీకు తెలియనివి ఆ సిద్ధపాటు సమావేశంలో సంకోచం లేకుండా అడగండి. మన బారసాలలాగా ఇది పేరు పెట్టే వేడుక అనుకునే బంధువులు ఉంటారు. అక్కడ పేరు చట్టప్రకారం నమోదయ్యేది జనన రిజిస్ట్రేషన్‌లో, అది మీరు ఇప్పటికే చేయించి ఉంటారు. బాప్తిస్మం మాత్రం గుడి రిజిస్టరులో రాస్తారు. ఇంగ్లండు పారిష్‌లలో 1538 నుంచి ఆ రిజిస్టర్లు రాస్తున్నారు, మీ పాప పేరు ఆ వరుసలో చేరుతుంది. తొట్టి గుమ్మానికి దగ్గరగా ఉంటే ఎందుకని పాప పెద్దయ్యాక అడుగుతుంది. లోపలికి వచ్చే దారి అదే కాబట్టి అని చెప్పండి. చివరలో వెలిగించిన కొవ్వొత్తి ఒకటి ఇస్తారు. దాన్ని పెట్టెలో దాచేయకుండా ఏటా ఆ తేదీన వెలిగించి, ఆ రోజు ఎవరెవరు మాట ఇచ్చారో పాపకు పేరు పేరునా చెప్పండి.

మీ వారితో మాట్లాడి, ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చాక, అత్తయ్యగారికి మీరే ఫోను చేయండి. ఒప్పించడానికి చేయకండి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం మీ ఇంట్లోనూ ఆమె ఇంట్లోనూ ఒకటే. ఆ రోజు పాప కోసం అందులోంచి ఏ కీర్తన పాడమంటారో ఆమెను అడగండి. ఆరాధనలో ఒక తెలుగు కీర్తనకు చోటు ఇమ్మని వికర్‌ను నేరుగా అడగవచ్చు. ఆమె ఏది ఎంచుకున్నారో నాకు రాయండి.